వీధిలో అత్త, ఇంట్లో అమ్మ

బస్ స్టేషన్ మెట్ల పక్కన, టీ బండికీ పత్రికల కొట్టుకీ మధ్య, ఒక మనిషి కూర్చుంటే నిండిపోయేంత జాగా ఉంది. ఎన్నో ఏళ్ళుగా అక్కడే కూర్చుని బూట్లకు పాలిష్ వేస్తూ, తెగిన చెప్పులు కుడుతూ బతికే మనిషిని అందరూ పాలిష్ అత్త అంటారు. ఆమెకంటే వయసులో పెద్దవాళ్ళు కూడా అత్తా అనే పిలుస్తారు. "ఊరు నిండా నాకు అల్లుళ్ళే. ఒక్కడికీ మర్యాదలు చెయ్యక్కర్లేదు, ఒక్కడి అలకా తీర్చక్కర్లేదు. నా అంత సుఖపడ్డ అత్త ఎక్కడైనా ఉందా?" అని ఆమె నవ్వేది.

ఆమె చెయ్యి మంచిదని అందరూ ఒప్పుకుంటారు. నోరు మంచిదని మాత్రం ఎవరూ అనరు. అరిగి అరిగి కాగితమైపోయిన బూటు తెచ్చి కుట్టమన్నవాడితో, "ఇది నీతో రానంటోంది నాయనా, నువ్వే బలవంతంగా లాక్కొస్తున్నావు, వదిలెయ్యి పాపం" అనేది. తిట్టుకుంటూనే కుట్టేది. మడమ లోపలివైపు అరిగితే మొండివాడనీ, బయటివైపు అరిగితే డాబుసరి మనిషనీ ఆమెకొక శాస్త్రం ఉండేది. ఆ శాస్త్రం తప్పిన సందర్భాలు బోలెడు. తప్పినప్పుడల్లా తప్పు తన శాస్త్రంలో లేదనీ, ఆ మనిషిలోనే ఏదో తేడా ఉందనీ వాదించేది.

ఆ జాగా మొదట ఆమె భర్తది. ఆయన పాలిష్ వేస్తుంటే పక్కన కూర్చుని ఈమె కుట్టుపని చూసేది. ఊపిరితిత్తుల జబ్బుతో ఆయన పోయినప్పుడు, ఇక ఆ చోటు ఖాళీ అవుతుందని పండ్లు అమ్మే అతనొకడు దాని మీద కన్నేశాడు. ఆమె ఖాళీ కానివ్వలేదు. ఆయన నల్ల బూట్లు తన కాళ్ళకు పెద్దవైతే వేళ్ళ దగ్గర గుడ్డ కుక్కి తొడుక్కుని, ఆయన పెట్టె ముందు, ఆయన పీట మీద కూర్చుంది. ఆడమనిషి ముందు కాలు చాపడానికి మొదట్లో మగవాళ్ళు మొహమాటపడ్డారు. "పెట్టవయ్యా, కరవను" అంటే నవ్వి పెట్టారు. ఆ బూట్లే ఇప్పటికీ ఆమె కాళ్ళకున్నాయి. వాటికి సోలు ఎన్నిసార్లు మార్చిందో ఆమెకే గుర్తులేదు.

ఆయన వదిలి వెళ్ళినవి ఇంకో రెండున్నాయి. ఒకటి గుర్రపు వెంట్రుకల బ్రష్. చెక్క మీద బొటనవేలు ఆనేచోట గుంట పడిపోయింది. రెండోది ఒక అలవాటు. బూటు తన మనసుకు నచ్చినట్టు మెరిశాక ఆయన బ్రష్ వెనక్కి తిప్పి, బూటు మొన మీద టక్ టక్ మని రెండు దెబ్బలు వేసేవాడు. అయిపోయింది, ఇక లేవండి అని నోటితో చెప్పకుండా చెప్పడమన్నమాట. ఆమెకూ ఆ అలవాటే వచ్చింది. వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కూడా మాటలు పూర్తిగా రాకముందే ఆ దెబ్బ నేర్చుకుంది.

చిన్నప్పుడు ఆ పిల్ల బడి వదలగానే నేరుగా తల్లి దగ్గరికే వచ్చేది. పుస్తకాల సంచీ పెట్టె మీద పడేసి, పాత గుడ్డ రెండు వేళ్ళకు చుట్టుకుని, బూటు మొన మీద హా అని ఊది, రుద్ది, చివర్న టక్ టక్ మనిపించేది. చూసినవాళ్ళు ముచ్చటపడి, "అత్తా, నీకంటే నీ కూతురే నయం" అనేవాళ్ళు. "అయితే దానితోనే తుడిపించుకో. అది తుడిచేసరికి నీ బస్సు కాస్తా వెళ్ళిపోతుంది" అని అత్త కసిరేది. లోపల మాత్రం పొంగిపోయేది.

ఒకరోజు ఆ పిల్ల రాలేదు. సాయంత్రం తల్లి ఇంటికి వెళ్ళి చూస్తే మంచం కింద దూరి ముడుచుకుని పడుకుంది. ఇల్లంటే ఒకటే గది. కిటికీ కింద పొయ్యి, గోడవారన మంచం, తలుపు పక్కన పెట్టె పెట్టుకోవడానికి కాస్త చోటు. తరగతిలో ఎవత్తో ముక్కు మూసుకుని "అబ్బ, చెప్పుల కంపు" అన్నదట. అందరూ నవ్వారట. వాళ్ళ అమ్మ ఎక్కడ కూర్చుంటుందో చూడ్డానికి రేపు గుంపుగా వస్తామన్నారట. ఇంత కథా మంచం కింద నుంచే చెప్పింది.

అత్తకు ఏ చిక్కుకైనా చటుక్కున ఒక కుట్టు వేసెయ్యడం అలవాటు. "ఇటు విను. రేపట్నుంచి వీధిలో నేను నీకెవరూ కాను, నువ్వు నాకెవరూ కావు. ఎదుటి కాలిబాట మీద నుంచి నడిచి వచ్చెయ్. ఈ గడప దాటి లోపలికొచ్చాక నేను అమ్మని. సరేనా?"

"సరే" అంది పిల్ల వెంటనే, బయటికి పాక్కుంటూ వచ్చి.

అంత తొందరగా సరే అంటుందని తల్లి అనుకోలేదు. అలా ఎందుకమ్మా అంటుందనీ, నాకేం సిగ్గు లేదంటుందనీ, తను బుజ్జగించాల్సి వస్తుందనీ అనుకుంది. తన నోటితో తనే అన్న మాట కాబట్టి మింగనూ లేకపోయింది, కక్కనూ లేకపోయింది. ఆ రాత్రి తల్లీకూతుళ్ళు బాగానే తిన్నారు.

మొదట్లో అది వాళ్ళకొక ఆటలా ఉండేది. ఒకసారి జోరున వాన పడుతుంటే కూతురు ఎదుటి కాలిబాట మీద తడుస్తూ నిలబడింది. అత్త తన గొడుగు టీ బండి అతని చేతికిచ్చి, "ఎవరో పాపం, పిల్ల తడుస్తోంది, ఇచ్చి రా" అంది. అతనికి అంతా తెలుసు, తెలియనట్టు వెళ్ళి ఇచ్చి వచ్చాడు. ఇంటికెళ్ళాక "ఈ గొడుగు ఎవరో పుణ్యాత్మురాలిదమ్మా" అని కూతురంటే, "తిరిగిచ్చేటప్పుడు ఆరబెట్టి ఇవ్వమన్నారు" అని తల్లి అన్నది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఏళ్ళు గడిచాక ఆ ఆటలో నవ్వు అరిగిపోయింది, ఆట మాత్రం మిగిలింది. బడి అయిపోయింది, కాలేజీ అయిపోయింది, కళ్ళద్దాల దుకాణంలో కౌంటర్ ఉద్యోగం వచ్చింది. కూతురు ఎదుటి కాలిబాట మీదే నడుస్తోంది. మాట ఇచ్చినవాళ్ళు వెనక్కి ఇమ్మని అడగలేదు, పుచ్చుకున్నవాళ్ళు వదులుకోలేదు.

అత్తకు పెద్ద కోరికలేమీ లేవు. వీధిలో, నలుగురి ముందు, ఒక్కసారి ఆ పిల్ల నోట అమ్మా అని పిలిపించుకోవాలని ఉండేది. అంతే. ఆ మాట టీ బండి అతనితో కూడా అనలేదు. అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుందని ఆమె లెక్క.

దుకాణంలో తోటి అమ్మాయి ఒకతె కూతుర్ని చర్చికి తీసుకెళ్ళింది. అక్కడి యువజన సమాజంలో చేరాక పిల్ల నిజంగానే మారింది. చీటికీ మాటికీ చిటపటలాడే మనిషి నిదానించింది. పొద్దున్నే లేచి ప్రార్థన చేసుకునేది. సాయంత్రం తల్లి కాళ్ళు లాగుతున్నాయంటే నూనె గోరువెచ్చగా చేసి మర్దన చేసేది. ఏ దేవుడో గానీ నా పిల్లకు చెయ్యి మెత్తబరిచాడని అత్త సంతోషపడింది. చర్చిలో మీ అమ్మగారేం చేస్తారని అడిగితే "లెదర్ వ్యాపారం" అని చెప్పిందట. అది విని అత్త పగలబడి నవ్వింది. "అబద్ధమేముందే? తోలు లేకుండా నేనేం కుడుతున్నాను?" అంది. అందేగానీ, ఆదివారం నన్నూ తీసుకెళ్ళవే అని అడగలేకపోయింది. కూతురు రమ్మని అనలేదు. "వారమంతా కష్టపడతావు, ఆదివారమైనా పడుకోమ్మా" అనేది ప్రేమగా.

వాళ్ళ యువజన సమాజం శనివారాలు వీధుల్లోకి వెళ్ళి చిన్న చిన్న మంచి పనులు చేసేది. ఎండలో నడిచేవాళ్ళకు మంచినీళ్ళ సీసాలు ఇచ్చేవాళ్ళు. ముసలివాళ్ళ సంచీలు మోసేవాళ్ళు. ఆగిన కార్ల అద్దాలు తుడిచేవాళ్ళు. ఎందుకు బాబూ అంటే దేవుడు మిమ్మల్ని ప్రేమిస్తున్నాడని ఒక కార్డు చేతిలో పెట్టేవాళ్ళు. వాళ్ళ నాయకుడికి ఇవన్నీ తేలికైన పనులనిపించాయి. మనల్ని నిజంగా తగ్గించే పని కావాలన్నాడు. ప్రభువే తన శిష్యుల కాళ్ళు కడిగాడు కాబట్టి మనం జనం బూట్లు తుడుద్దామన్నాడు. లోకంలో అంతకంటే తక్కువ పని ఆ అబ్బాయికి తోచలేదు.

శుక్రవారం సాయంత్రం కూతురు తల్లి పెట్టె దగ్గర కూర్చుంది. ఆ పెట్టె మీద చెయ్యి వేసి ఎన్నేళ్ళయిందో.

"అమ్మా, నీ పాత బ్రష్ ఒకటిస్తావా? రేపు మేమంతా బూట్లు తుడుస్తున్నాం."

"ఎవరివే?"

"ఎవరివైనా. వీధిలో వచ్చేపోయేవాళ్ళవి. ఊరికే, ప్రేమతో."

"ఎక్కడ?"

"ఇంకా తెలీదు" అంది కూతురు, మూత తీసిన పాలిష్ డబ్బా వాసన చూస్తున్నట్టు తల వంచుకుని.

అత్త పాత బ్రష్ ఇవ్వలేదు. భర్త బ్రష్ తీసి, గుడ్డతో తుడిచి, కూతురి చేతిలో పెట్టింది. ఆ రాత్రి ఆమె గుండెలో ఏదో కదిలింది. వీధిలో మోకాళ్ళ మీద కూర్చుని బూట్లు తుడవడానికి సిద్ధపడ్డ పిల్లకు, బూట్లు తుడిచే తల్లి అంటే ఇంకా సిగ్గెందుకుంటుంది? చుట్టూ తిరిగి తిరిగి చివరికి ఇక్కడికే వచ్చిందని అనుకుంది. ఇక ఒక్క మెట్టే మిగిలిందనుకుంది.

శనివారం ఆమె పెట్టె మోసుకుని వచ్చేసరికి ఎదుటి కాలిబాట మీద నీలం గుడ్డ పందిరి వేసి ఉంది. దాని కింద ప్లాస్టిక్ కుర్చీలు, కుర్చీల ముందు పసుపు చొక్కాల పిల్లలు, ఒకడి మెడలో గిటారు. అట్ట మీద పెద్దక్షరాలతో రాశారు: ఉచిత షూ పాలిష్, ప్రేమతో.

"అత్తా, చూశావా? నీ పొట్ట కొట్టడానికి ఏకంగా దేవుడే దిగొచ్చాడు" అన్నాడు టీ బండి అతను.

"దిగితే దిగాడు. రెండ్రోజులు తుడిస్తే ఆయనకే నడుం పట్టేస్తుంది" అంది అత్త, పీట వేసుకుంటూ.

కానీ గిరాకీ రాలేదు. రోజూ వచ్చే బ్యాంకు ఆయన ఆమె వైపు చూడకుండా రోడ్డు దాటి పందిరి కిందికి వెళ్ళాడు. వారం వారం వచ్చే హోటల్ మేనేజరూ అంతే. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం అని అత్త గొణుక్కుంది. అప్పుడు కనిపించింది కూతురు. హోటల్ మేనేజరు ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. గుడ్డ రెండు వేళ్ళకు చుట్టింది. మొన మీద ఊదింది. మిగతా పిల్లలు పాలిష్ చేతులకూ చొక్కాలకూ పులుముకుని నవ్వులాట ఆడుతుంటే, ఈమె చేతులు మాత్రం తమ పని తాము ఎరిగినట్టు కదులుతున్నాయి. చివర్న బ్రష్ తిప్పి రెండుసార్లు కొట్టింది. బస్సుల హోరులో అత్తకు ఆ చప్పుడు వినిపించలేదు, చెయ్యి లేవడం మాత్రం కనిపించింది. ఎక్కడో తెలీదని చెప్పిన అబద్ధం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. ఆ చేతులు చూసి కళ్ళు చెమర్చాయి. రెండూ ఒకేసారి జరిగాయి.

మధ్యాహ్నం అవుతుంటే టీ బండి అతనికి కడుపు మండింది. నీళ్ళ సీసాలతో ఇటు దాటి వచ్చిన నాయకుణ్ణి పట్టుకున్నాడు. "బాబూ, పొద్దున్నుంచి ఈ అత్త పెట్టె మీద ఒక్క కాలు పడలేదు. మీ ప్రేమ కాస్త అటు జరిపి చూపించుకోకూడదూ?"

ఆ అబ్బాయి అత్త పెట్టె చూశాడు, డబ్బాలు చూశాడు. ముఖం తెల్లబోయింది. "అయ్యో... మాకసలు తట్టనే లేదమ్మా. ఇక్కడ దీనిమీద బతికేవాళ్ళు ఒకరుంటారని..." అని అక్కడే మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. "క్షమించండి" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆ అబ్బాయి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే బాగుండేది, నాలుగు తిట్టి వదిలించుకోవచ్చు. మంచివాళ్ళతోనే చిక్కు. వాళ్ళు చేసిన తప్పును సరిదిద్దడానికి ఇంకో మంచిపని వెతుకుతారు.

"రోజూ అందరి బూట్లూ మీరు తుడుస్తారు కదమ్మా. ఇవాళ మీ బూట్లు మేము తుడుస్తాం. రండి. కాదనకండి" అన్నాడు, చెయ్యి అందిస్తూ.

వద్దని అందామనే నోరు తెరిచింది. కానీ ఎదురుగా పందిరి కింద కూతురు తలెత్తి ఇటే చూస్తోంది. తన బూట్ల ముందుకు కూతురు వస్తుంది, నలుగురూ చుట్టూ ఉంటారు, ఆ ఒక్క మాట రావడానికి ఇంతకంటే మంచి అదనేముంది? అత్త చేతులు తుడుచుకుని లేచింది. ఎదుటి కాలిబాట కూతురిది. ఇన్నేళ్ళలో పనివేళ ఆమె అటు అడుగు పెట్టలేదు.

"సిస్టర్, మీ దగ్గరే కూర్చోబెడుతున్నాను. మనలో బాగా చేసేది మీరే కదా" అన్నాడు నాయకుడు. పసుపు చొక్కాలన్నీ చుట్టూ చేరాయి. ఒకడు ఫోను పైకెత్తి వీడియో తీయడం మొదలుపెట్టాడు.

కూతురు ముఖంలో నెత్తుటిచుక్క లేదు. తల వంచుకుని బూటు చేతిలోకి తీసుకుంది. తండ్రి బూటు, తండ్రి బ్రష్. మట్టి దులిపింది, రంగు పట్టించింది, గుడ్డ చుట్టుకుని ఊదింది. ఎంత శ్రద్ధగా చేసిందంటే ఆ ముసలి బూట్లు కొత్తవాటిలా తేరుకున్నాయి. అత్త ఆ వంచిన తలనే చూస్తూ కూర్చుంది. ఇప్పుడు అంటుంది, ఈ బూటు అయ్యాక అంటుంది అనుకుంది.

"భలే చేస్తారు సిస్టర్! ఎక్కడ నేర్చుకున్నారు?" అన్నాడు వీడియో తీసేవాడు.

కూతురు చెయ్యి ఆగింది. "ఎవరూ నేర్పలేదు బ్రదర్. అంతా దేవుని కృప" అంది.

"ఆమేన్" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు.

రెండో బూటు అయిపోయాక బ్రష్ వెనక్కి తిప్పింది. చెయ్యి గాలిలో అలాగే ఉండిపోయింది. కొట్టకుండా దాన్ని కింద పెట్టేసింది.

అక్కడితో అయిపోతే బాగుండేది. కానీ వాళ్ళ పద్ధతి ప్రకారం తుడిచాక ఆ మనిషి పేరడిగి, కష్టం అడిగి, ప్రార్థన చెయ్యాలి. "పేరడగండి సిస్టర్" అన్నాడు నాయకుడు మెల్లగా.

కూతురు తలెత్తకుండానే, "మీ పేరేంటండీ?" అంది.

అత్త జీవితంలో చాలామంది చాలా మాటలన్నారు. ఏదీ అంత లోతుగా దిగలేదు. "అందరూ పాలిష్ అత్త అంటారు. దేవుడికి కూడా అలాగే చెప్పు, ఆయన పోల్చుకుంటాడు" అంది.

పసుపు చొక్కాలు ఆప్యాయంగా నవ్వాయి. నాయకుడు వంగి అడిగాడు. "పిల్లలెంతమందమ్మా మీకు?"

కూతురు అప్పుడు తలెత్తింది. ఆ చూపులో బతిమాలడం ఉంది, భయం ఉంది. పాత మాట మీద నిలబడమని అడుగుతోంది. అత్త గుండె రాయి చేసుకుంది. తగలాలనే అంది, నొప్పి పుట్టాలనే అంది.

"లేరు బాబూ. నాకు పిల్లలు లేరు."

"అయ్యో" అందొక అమ్మాయి. కూతురు తల్లి మోకాలి మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకుంది. పిల్లలు లేని ఈ తల్లిని ఒంటరిగా విడిచిపెట్టకు ప్రభువా, నువ్వే ఆమెకు తోడుగా ఉండు అని ప్రార్థించింది. చుట్టూ ముక్కులు ఎగబీల్చిన చప్పుళ్ళయ్యాయి. ఆఖర్న ఒక కార్డు తల్లి చేతిలో పెట్టింది. అత్త రోడ్డు దాటి తన చోటికి వచ్చింది. పీటకు ఒక కాలు ఎప్పుడూ పొట్టి. ఆ కార్డు నాలుగు మడతలు పెట్టి దాని కింద దోపితే సరిగ్గా సరిపోయింది.

సాయంత్రం ఇంట్లో అత్త పొయ్యి దగ్గర కూర్చుని మాటలు కూర్చుకుంది. ఆ పిల్ల ఏడుస్తూ వస్తుంది, లేదంటే అసలు రావడానికే మొహం చెల్లదు. పిల్లలు లేరని తను అంత మాట అన్నాక ఎలా వస్తుంది? కూతురు వచ్చింది. గడప దాటగానే చెప్పులు కూడా విప్పకుండా వచ్చి వెనక నుంచి వాటేసుకుంది.

"థాంక్స్ అమ్మా! నాకు గుండె ఆగినంత పనైంది తెలుసా? పిల్లలు లేరని భలే అన్నావు. నన్ను కాపాడేశావు."

అత్త గరిట పక్కన పెట్టింది. కొట్టిన దెబ్బను కానుకనుకుని పుచ్చుకున్న మనిషిని ఇంకెలా కొట్టడం?

"నీకోసం అన్నాననుకున్నావా?"

"మరెవరికోసం? నువ్వు మాట తప్పే మనిషివి కాదని నాకు తెలుసు."

"ఒక్క ముక్క, మా అమ్మ అని అనుంటే ఏం పోయేదే? నువ్వూ అదే పని చేస్తున్నావు కదా అక్కడ."

కూతురు మంచం అంచున కూలబడింది. "అందామనే అనుకున్నానమ్మా, ఒట్టు. కానీ ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగితే? నేను చేస్తే అది సేవమ్మా. నువ్వు చేస్తే..." అని ఆగిపోయింది. తను అనబోయింది తనకే వినిపించినట్టుంది. కళ్ళ నిండా నీళ్ళొచ్చాయి. "రేపు చర్చిలో మైకు ముందు నా అనుభవం సాక్ష్యంగా చెప్పమన్నారు. అక్కడ చెప్తాను. అందరి ముందూ చెప్తాను. ప్రామిస్."

ఆశ సిగ్గులేనిది. అత్తకు అన్నీ తెలుసు, అయినా నమ్మింది. ఆదివారం తను కూడా ఉతికిన బట్టలు కట్టుకుంది. ఒకవేళ ఆ పిల్ల చెప్పడం, మీ అమ్మగారిని తీసుకురా అని వాళ్ళనడం, ఎవరైనా పరుగెత్తుకు రావడం జరిగితే సిద్ధంగా ఉండాలి కదా. కూతురు తుడిచిన బూట్లు తలుపు దగ్గర పెట్టుకుంది. గదంతా ఊడ్చింది. వంట చేసి మూతలు పెట్టింది. కిటికీ దగ్గర పీట వేసుకుని సందు మొగ వైపు చూస్తూ కూర్చుంది.

ఎండ గోడ దిగేవేళకు కూతురొచ్చింది. ఒక్కతే వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది.

"ఏం జరిగిందో తెలుసా అమ్మా? వీడియో వేశారు. నేను నీ బూట్లు తుడవడం, ప్రార్థన చెయ్యడం, అంతా వేశారు. చర్చి మొత్తం ఏడ్చింది."

"నువ్వు చెప్పావా?"

"చెప్పబోయానమ్మా. మైకు పట్టుకున్నాను. కానీ అప్పటికే అందరూ నీకోసం ఏడుస్తున్నారు. పిల్లలు లేని ఆ తల్లి అని పాస్టర్ గారు కూడా కళ్ళు తుడుచుకున్నారు. అంతమంది ఏడ్చాక కాదు, ఆమె మా అమ్మ అని ఎలా అనను?"

"నువ్వు కూడా ఏడ్చావా?"

"ఏడ్చానమ్మా. నిజంగా. ఆపుకోలేకపోయాను" అంది కూతురు. అది అబద్ధం కాదు. ఆ కళ్ళు చూస్తేనే తెలుస్తోంది.

అత్త లేచి కంచాలు తీసింది. కూతురు వెనకే వచ్చి ఆమె భుజం మీద గడ్డం ఆనించింది. "ఇంకో మాట చెప్పనా? మా సిస్టర్స్ అందరూ కలిసి ఒక నిర్ణయం తీసుకున్నారు. ఆమెకు ఎవరూ లేరు కదా అని, ఇకమీదట శనివారం శనివారం ఒకరు వెళ్ళి నీ పక్కన కూర్చుంటారట. కూతుళ్ళలాగా. అమ్మా అని పిలుస్తూ. వంతులు కూడా వేసుకున్నారు."

"వీధిలోనా? అందరి ముందూ?"

"అవునమ్మా. పాపం, వాళ్ళకు నువ్వంటే ఎంత ప్రేమో."

అత్త రెండు కంచాల్లోనూ వడ్డించింది. తడి చెయ్యి తుడుచుకుంది. అడగకూడదనుకుంటూనే అడిగింది.

"మరి నీ వంతెప్పుడు?"

కూతురు కంచం ముందుకు లాక్కుంది. "నా వంతు వేరే సిస్టర్‌కి ఇచ్చేశానమ్మా. నాకు ఆ శనివారం దుకాణంలో పనుంటుందని చెప్పాను."

"మంచిదే. అంతమంది కూతుళ్ళయితే నాకు మాత్రం ఎక్కడ సరిపోతుంది చోటు" అంది అత్త. "తిను. చల్లారిపోతోంది."